పోటీ పరీక్షల ప్రత్యేకం: డేటా సెంటర్ ర్యాక్‌కు కరెంటు – పీడీయూ

విశాఖలో గూగుల్ ఏఐ హబ్ ప్రకటన (2025 అక్టోబరు 14, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు) తర్వాత డేటా సెంటర్ల మీద పట్టు తప్పనిసరి.

పీడీయూ: పవర్ డిస్ట్రిబ్యూషన్ యూనిట్. యూపీఎస్ నుంచి వచ్చిన విద్యుత్తును ర్యాక్‌లోని సర్వర్లకు పంచుతుంది. పీడీయూలో బ్యాటరీ ఉండదు, దాన్ని యూపీఎస్‌గా పొరబడొద్దు.

ర్యాక్: వెడల్పు 19 అంగుళాలు. 1యూ (ర్యాక్ యూనిట్, ఎత్తు కొలత) = 1.75 అంగుళాలు (44.45 మి.మీ.). సాధారణ ఎత్తు 42యూ.

రకాలు: బేసిక్ – పంపిణీ మాత్రమే. మీటర్డ్ – లోడ్ చూపుతుంది. స్విచ్డ్ – ఒక్కో సాకెట్‌ను దూరం నుంచే ఆన్, ఆఫ్ చేయొచ్చు.

సాకెట్లు (ఐఈసీ 60320): సి13 – 10 ఆంపియర్లు, సి19 – 16 ఆంపియర్లు. జతపరచండి ప్రశ్నకు అనువైనవి. ఐఈసీ (ఇంటర్నేషనల్ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) స్థాపన 1906, కేంద్రం జెనీవా.

ఎంపిక లెక్క: సింగిల్ ఫేజ్‌లో 230 వోల్టులు × 32 ఆంపియర్లు = 7.36 కేవీఏ. త్రీ ఫేజ్‌లో √3 × 400 × 32 = సుమారు 22.2 కేవీఏ. నిరంతర లోడ్ 80 శాతం దాటనివ్వరు.

ఇక్కడే అభ్యర్థులు ఎక్కువగా తడబడతారు, నిదానంగా చదవండి. ర్యాక్‌కు ఎ, బి అని రెండు పీడీయూలు ఉంటే ఒక్కోదానిపై లోడ్ 40 శాతం లోపే ఉండాలి. అంటే 32 ఆంపియర్లకు 12.8. ఒకటి ఆగితే మొత్తం భారం రెండోదానిపై పడుతుంది. అప్పుడూ 80 శాతం దాటదు. రెండింటిపై 60 శాతం చొప్పున ఉంటే? మిగిలినదానిపై 120 శాతం. బ్రేకర్ పడిపోతుంది, ర్యాక్ అంతా ఆగుతుంది.

పీయూఈ (పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్) = మొత్తం కేంద్రం వాడే విద్యుత్తు ÷ ఐటీ పరికరాలు వాడేది. ఆదర్శ విలువ 1.0. ★ తప్పక గుర్తుంచుకోండి.

డేటా సెంటర్లకు మౌలిక వసతుల హోదా: 2022.