సోషల్ డెమోక్రసీ: మార్క్స్ నుంచి కాంట్ దాకా

జర్మనీ సోషల్ డెమోక్రాట్లలోని రెండు పాయలు, లాసాల్ అనుచరులు, బేబెల్-లీబ్‌నెక్ట్ వర్గం, 1875లో గోథా పట్టణంలో ఒక్కటయ్యాయి. అక్కడి కార్యక్రమాన్ని మార్క్స్ తూర్పారబట్టారు. 1891 నాటి ఎర్ఫర్ట్ కార్యక్రమం సిద్ధాంత భాగంలో మళ్లీ మార్క్స్ బాటే పట్టింది.

అసలు మలుపు తెచ్చింది ఎడ్వర్డ్ బెర్న్‌స్టీన్. లండన్ ప్రవాసంలో ఫేబియన్ సోషలిస్టులను దగ్గరగా చూసిన ఆయన, పెట్టుబడిదారీ వ్యవస్థ దానంతటదే కుప్పకూలుతుందన్న అంచనాను ప్రశ్నిస్తూ 1899లో పుస్తకం రాశారు. హెగెల్ గతితర్కాన్ని వల అన్నారు. కాంట్ వైపు మొగ్గారు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్నది కాంట్ నీతి. మార్బర్గ్ ఆచార్యుడు హెర్మన్ కోహెన్ అప్పటికే సోషలిజానికి ఆ నీతిలో పునాది చూపించారు. చరిత్ర ఎలాగూ తెచ్చిపెట్టేది అనుకున్న సోషలిజం, ఇక్కడ మనుషులు న్యాయమని ఎంచుకుని సాధించుకోవాల్సినదిగా మారింది. రోజా లక్సెంబర్గ్ ‘సంస్కరణా, విప్లవమా’ చర్చతో బెర్న్‌స్టీన్‌ను తీవ్రంగా ఖండించారు.

జర్మనీ సోషల్ డెమోక్రాట్ల 1959 గోడెస్‌బర్గ్ కార్యక్రమం తన మూలాలుగా క్రైస్తవ నీతి, మానవతావాదం, క్లాసికల్ తత్వశాస్త్రాలను పేర్కొంది. మార్క్స్ పేరు అందులో కనిపించదు.