అదనం అనగానే కొట్టెయ్యకు

అమ్మడూ,

డేటాబేస్ పాఠంలో రిడండెన్సీ, అంటే ఒకే సంగతి అదనంగా ఉండటం, తప్పన్నారనీ, నెట్‌వర్కుల పాఠంలో అదే ఉండి తీరాలన్నారనీ రాశావు. రెండూ నిజమే. ఒకే చిరునామా రెండు పట్టికల్లో ఉందనుకో. ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతే ఏది నమ్మాలి? అక్కడ అది తప్పే. భాషలోనూ అంతే: 'మళ్ళీ పునరావృతమైంది' అని రాస్తే మా తెలుగు మాస్టారు పునరుక్తి దోషమని ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఇంగ్లండులో రిడండెన్సీ అన్న మాటకు ఉద్యోగం పోవడమని కూడా అర్థం. మనిషిని అదనం అనడం నాకు మింగుడుపడదు.

మన పెదపులిపాక చేను దస్తావేజులో సర్వే నంబరు ఒక అంకె తప్పుపడింది. కింద చెక్కుబందీలున్నాయి: తూర్పున పంటకాలువ, దక్షిణాన డొంక, మిగతా రెండు వైపులా పొరుగువాళ్ల చేలు. నంబరు ఉండగా ఇదంతా ఎందుకని చిన్నప్పుడు మా నాన్నను అడిగాను. సవరణ దస్తావేజు రాయించేటప్పుడు మనల్ని ఆదుకున్నవి ఆ నాలుగు హద్దులే. చెక్కు మీద సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసేది కూడా అందుకే. మొదటిది తప్పినప్పుడు రెండోది నిలబడుతుందా? ఏ సబ్జెక్టులోనైనా ముందు ఆ ప్రశ్న వేసుకో.

ఆ రెండోది లేకపోతే ఏమవుతుందో చూడు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో దించడానికి సిద్ధంగా ఉంచిన స్టాప్‌లాగ్ గేటు అక్కడ లేదు. డ్యాం గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో అప్పటికప్పుడు చేయించి, ఉరకలేస్తున్న నీళ్లలోనే ముక్కలు ముక్కలుగా దించారు. వారం పట్టింది. ఆ వారమంతా నిల్వ నీరు అదుపు లేకుండా పోయింది. ఏళ్ల తరబడి షెడ్డులో ఊరికే పడివుండే ఇనుము ఖరీదు ఎంతో అప్పుడు తెలిసింది.

అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో మన ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను విరగ్గొట్టాయి. వాటిని బాగుచేయించడానికీ ఆ పెద్దాయననే పిలిచారు. ఆయన చేతిలోని పనితనం నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ విద్య ఇంకా ఎందరికి వచ్చునా అన్న దిగులు ఆనాటి నుంచీ నన్ను వదల్లేదు. డ్యాముల్లో గేట్లకు జోడు కావాలంటాం, మనుషులకు వద్దా?

సంక్రాంతికి వస్తావుగా. బ్యారేజీ మీద 70 గేట్లూ నడిచి చూద్దాం. నాకు తెలిసినంత చెబుతాను, నోటుపుస్తకం తెచ్చుకో.

మీ తాతయ్య
విజయవాడ