కొలమానమును కొలుచుట

మొగుళ్లపల్లి మండలము జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నున్నది. అచ్చటి రైతులు వరి, పత్తి, మిరప మున్నగు పంటలు పండింతురు. పత్తి నింపిన బండిని కాంటా మీద నిలిపి ఒకసారి తూచెదరు. సరకు దింపిన పిమ్మట ఉత్తబండిని మరల తూచెదరు. మొదటి తూకమునుండి రెండవ తూకమును తీసివేయగా మిగిలినదే పత్తి బరువు. కాంటా తప్పినచో, పంట ఎంత బాగుగా పండినను రైతునకు తగిన ప్రతిఫలము దక్కదు. కావుననే తెలివిగల రైతు బండి నెక్కింపక మునుపే కాంటా సున్న చూపుచున్నదో లేదో పరికించును. ఈ జాగ్రత్త కంప్యూటరును కొలుచువారికిని అవసరమే.

కంప్యూటరులో లెక్కలన్నియు చేయు భాగమునకు ప్రాసెసరు అని పేరు. దానిలో ఒక నియతమైన గడియార స్పందన కలదు. నేటి ప్రాసెసరులలో అది సెకనునకు 300 కోట్ల సార్లు కలుగుట సామాన్యము. ఈ స్పందనలను, పూర్తియైన ఆదేశములను లెక్కించుటకు ప్రాసెసరులోనే చిన్న కౌంటరులు అమర్చబడియుండును. 1993లో వెలువడిన పెంటియం ప్రాసెసరులో ఇట్టి కౌంటరులు రెండు కలవు. వంటింటి డబ్బాలో ఉప్పు లేక దుకాణమునకు పరుగెత్తినట్లు, ప్రాసెసరు దగ్గరి జ్ఞాపకస్థానములో కావలసినది దొరకక దూరమునకు ఎన్ని సార్లు పోయినదో గూడ ఇవి చెప్పగలవు.

ఈ కౌంటరులను చదివి చూపు సాఫ్ట్‌వేరు పనిముట్లు కలవు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌లో 2009లో చేరిన ‘పెర్ఫ్’ అట్టిది. పనికి ముందొకసారి, పని ముగిసిన పిదప నొకసారి కౌంటరును చదివి, ఆ రెండింటి భేదమును గ్రహించుట ఇట్టి పనిముట్ల మూలసూత్రము. బండి తూకమునకును దీనికిని పోలిక స్పష్టము.

అయితే ఒక్కొక్కప్పుడు పనిముట్టు వింత ఫలితమును చూపును. జరిగిన పని ఋణసంఖ్యగా కనబడును! చేసిన పని సున్నకంటె తక్కువ యెట్లగును? తొందరపాటుగలవాడు ఋణసంఖ్య వచ్చినచోట సున్న వేసి ఊరకుండును. వివేకి కారణమును వెదకును.

ఇంటి కరెంటు మీటరులో ఐదు అంకెల గడులున్న వనుకొనుడు. మొదట అది 99,980 చూపినది. కొన్నాళ్లకు 00,030 చూపినది. వాడిన కరెంటు 50 యూనిట్లు. కాని మీటరు 99,999 దాటి సున్నకు తిరిగినదని యెరుగనివాడు తీసివేత చేసినచో, ఋణ 99,950 వచ్చును. 32 బిట్ల కౌంటరును ఇట్లే 4,29,49,67,295 దాటగానే సున్నకు తిరుగును. సెకనునకు 300 కోట్ల స్పందనలను లెక్కించునప్పుడు ఒకటిన్నర సెకను నిండకమునుపే ఆ తిరుగుడు జరుగును.

కారణము తెలిసిన పిమ్మట పరిష్కారము సులభముగా తోచును. రెండవ సంఖ్య మొదటిదానికంటె తక్కువైనచో దానికి 4,29,49,67,296 కలిపి తీసివేయవలెను. ఋణసంఖ్యలు మాయమగును. కాని పని ముగిసినదా? కౌంటరు సున్నతో మొదలైన దనుకొనుడు. మూడు సెకనులలో 900 కోట్ల స్పందనలు జరుగును. ఈలోగా కౌంటరు రెండు సార్లు తిరిగి, 41 కోట్లు మాత్రమే చూపును. ఆ సంఖ్యను చూచినవాడు ప్రాసెసరు చాలవరకు సోమరిగా నున్నదని భ్రమించి, దోషములేని భాగమును సవరింప బూనును. ఋణసంఖ్య తన తప్పును తానే చాటుకొనును. నమ్మదగినట్లు కనబడు తప్పుసంఖ్య మోసగించును. మొదటిదానికంటె ఇదియే ప్రమాదకరము.

కావున కౌంటరు తిరుగకమునుపే దానిని మరల మరల చదువుచుండవలెను. లేదా తిరిగిన ప్రతిసారి అది హెచ్చరిక పంపునట్లు ఏర్పాటు చేయవలెను. 48 బిట్ల కౌంటరైనచో అదే వేగమున తిరుగుటకు సుమారు 26 గంటలు పట్టును. సవరణ ముగిసిన పిమ్మట, ఫలితము ముందే తెలిసిన చిన్నపనిని కొద్దిసేపును, ఎక్కువసేపును నడిపి పరీక్షింపవలెను. రెండు తావులను సరియైన సంఖ్య వచ్చిననే సవరణ నిలుచును.

లినక్స్‌లో సవరణను పంపువాడు దోషమెట్లు కలిగినదో, తానేమి మార్చినాడో వ్రాసి, క్రింద తన పేరు చేర్చును. ఇతరులు దానిని పరీక్షించి, సంతృప్తి చెందినపిదపనే స్వీకరింతురు. దోషమును మొదట కనిపెట్టి తెలిపినవాని పేరును గూడ వ్రాయుట అచ్చటి సంప్రదాయము. ఆ సాఫ్ట్‌వేరు మూలపాఠము ఎల్లరకు తెరచియున్నది. హైదరాబాదు ఇంజనీరు చదువునదియు, మొగుళ్లపల్లి విద్యార్థి చదువునదియు ఒక్కటే.

లెక్క కుదరనప్పుడు దానిని కప్పిపుచ్చరాదు. కుదిరినట్లు కనబడినప్పుడును మరియొకసారి సరిచూడవలెను. సత్యమును కోరువానికి ఈ రెండు అలవాట్లును రెండు కన్నుల వంటివి.

ప్రశ్నలు
1. బండి తూకమునకును, కౌంటరు చదువుటకును గల పోలికను వివరింపుము.
2. ఋణసంఖ్యకంటె నమ్మదగినట్లు కనబడు తప్పుసంఖ్య ఏల ప్రమాదకరము?
3. ఐదు అంకెల మీటరు మొదట 99,940, పిదప 00,025 చూపినది. ఒక్కసారియే సున్నకు తిరిగినచో, వాడిన యూనిట్లెన్ని?