నడుము ఆపరేషన్ తర్వాత మీ పనులు మీరే చేసుకోవడం ఎలా?

వెన్నెముక ఫ్యూజన్ సర్జరీలో వెన్నుపూసల మధ్య ఎముక ముక్కలు పెట్టి, స్క్రూలూ కడ్డీలతో కదలకుండా బిగిస్తారు. ఆ వెన్నుపూసలు అతుక్కుని ఒకే ఎముకగా మారడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. సర్జన్ సరేననేదాకా మూడు పనులు వద్దంటారు: వంగడం, బరువెత్తడం, నడుము మెలితిప్పడం. తెల్లారి లేస్తే మనం చేసే పనుల్లో ఈ మూడూ ఉంటాయి. వాటిని తప్పించుకోవడానికి సూత్రం ఒక్కటే: మీరు వస్తువు దగ్గరకు వంగకూడదు, వస్తువే మీ ఎత్తుకు రావాలి.

ఇక్కడ చెప్పేది కింది నడుముకు ఆపరేషన్ అయినవారి కోసం. మీ సర్జన్ వేరేగా చెబితే ఆ మాటే వినండి.

1. ఆపరేషన్‌కు ముందే ఇల్లు సర్దండి

సబ్బు, బ్రష్, దువ్వెన, బట్టలు, మందులు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో పెట్టించండి. బాత్‌రూమ్‌లో జారని చాప వేసి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు, దాన్ని నమ్మొద్దు. నేల మీది వస్తువులు అందుకునే పొడవాటి పట్టుకర్ర ఒకటి కొనుక్కోండి. కింద చెప్పినవన్నీ ముందే ఒకసారి చేసి చూసుకోండి.

2. మంచం దిగడం

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా, ఒంటిని దుంగలా పక్కకు దొర్లించండి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి దించుతూ, అదే సమయంలో మోచేత్తో, అరచేత్తో పరుపును నొక్కి పైకి లేవండి. నిమిషంసేపు కూర్చుని, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడండి. పడుకునేటప్పుడు ఇదే వరసను వెనక్కి చేయాలి.

3. పళ్లు తోముకోవడం

సింకు మీదికి వంగొద్దు. మోకాళ్లు కాస్త సడలించి, ఒక చేయి సింకు అంచున ఆనించి నిలబడండి. పుక్కిలించిన నీళ్లు గ్లాసులో ఉమ్మండి. ముఖం తడిగుడ్డతో తుడుచుకోండి.

4. టాయిలెట్

గొంతుక్కూర్చునే టాయిలెట్ ఇప్పుడు పనికిరాదు. వెస్టర్న్ కమోడ్ లేకపోతే, మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీని దాని మీద వేసుకోవచ్చు. కమోడ్ మరీ కిందికి ఉంటే ఎత్తు పెంచే సీటు దొరుకుతుంది.

అసలు ఇబ్బంది కడుక్కోవడంలో వస్తుంది. చేయి వెనక్కి పెడితే నడుము మెలి తిరుగుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, చేయి ముందు నుంచి పోనివ్వండి. జెట్ స్ప్రే పక్కనే అందేలా ఉండాలి. స్త్రీలు ముందుభాగం మొదట కడుక్కుని, తర్వాతే వెనక కడుక్కోవాలి. ధార ఎప్పుడూ వెనక్కే పోవాలి.

బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. ముక్కడం మంచిది కాదు. నీళ్లు, పళ్లు, కూరలు బాగా తీసుకోండి. అప్పటికీ కాకపోతే విరేచనం సాఫీ అయ్యే మందు డాక్టర్‌ను అడగండి.

5. స్నానం

గాయం తడపొచ్చని డాక్టర్ చెప్పేదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే. ఆ తర్వాత చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేయండి, పీట వద్దు. బకెట్‌ను ఎత్తు స్టూలు మీద పెట్టించి, అక్కడే పైపుతో నింపించండి. హ్యాండ్ షవర్ ఉంటే ఇంకా నయం. పాదాలకు పొడవాటి పిడి ఉన్న బ్రష్ వాడండి. పాదాలు తుడవాలంటే టవల్ నేల మీద పరిచి, దాని మీద రుద్దితే చాలు. తలుపు గడియ పెట్టొద్దు.

6. బట్టలు

కూర్చునే వేసుకోండి. నైటీ, ముందు గుండీలున్న చొక్కా, ఎలాస్టిక్ పైజామా సులువు. పైజామాను పట్టుకర్రతో పాదాల దగ్గరికి దించి, బలం తక్కువున్న కాలు ముందు దూర్చండి. విప్పేటప్పుడు ఆ కాలు చివర. చెప్పులు వంగకుండా తొడుక్కునేవీ, మడమ జారనివీ ఉండాలి. డాక్టర్ నడుము బెల్టు పెట్టుకోమంటే లోపల పలుచని బనియన్ వేసుకోండి.

7. ఇవి కనబడితే ఆగొద్దు

జ్వరం, గాయం నుంచి చీము, పిక్క వాపు ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయొచ్చు.

8. సాయం మెట్టు మెట్టుగా తగ్గించండి

మొదట ఇంట్లోవాళ్లు చేయి వేయాలి. తర్వాత పక్కన నిలబడితే చాలు. ఆపై తలుపు బయట ఉంటే చాలు, చివరికి పిలిస్తే వినిపించేంత దూరంలో. ఒక మెట్టు మీద కొన్నాళ్లు నొప్పి పెరగకుండా సాగితేనే తర్వాతిదానికి వెళ్లండి. అన్ని పనులూ ఒకేసారి పట్టుకోకండి, టాయిలెట్‌తో మొదలుపెట్టండి. మనసుకు ఎక్కువ ఊరట ఇచ్చేది అదే. కాలిగోళ్లు తీయడం, తలంటుకోవడం వంటివి అన్నిటికంటే చివర. అవి ఇంకొకరు చేసిపెట్టినా నామోషీ ఏమీ లేదు.