కస్టడీ మరణాలు: 24 గంటల్లో నివేదిక
(పోటీ పరీక్షల ప్రత్యేకం – పాలిటీ)

కస్టడీ మరణం: పోలీసు లేదా జైలు నిర్బంధంలో సంభవించే మరణం.

రాజ్యాంగం: అధికరణ 21 – జీవించే హక్కు. 22(2) – అరెస్టయిన 24 గంటల్లో (ప్రయాణ సమయం మినహా) మేజిస్ట్రేట్ ముందు హాజరు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ (ఎన్‌హెచ్‌ఆర్‌సీ): 1993 అక్టోబరు 12న ఏర్పాటు. 1993 డిసెంబరు 14 ఆదేశం: కస్టడీ మరణంపై కలెక్టర్, ఎస్పీ 24 గంటల్లో కమిషన్‌కు తెలపాలి. *తప్పక అడుగుతారు.*

స్థానిక అన్వయం: ఇదివరకు అనంతపురం జిల్లాలో ఉన్న తనకల్లు మండలం 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడ ఇలాంటి ఘటన జరిగితే నివేదిక బాధ్యత అనంతపురం అధికారులది కాదు, పుట్టపర్తి కేంద్రంలోని కలెక్టర్, ఎస్పీలది.

విచారణ: సీఆర్‌పీసీ 176(1ఎ) ప్రకారం జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 196.

నేరాంగీకారం కోసం హింస: ఐపీసీ 330, 331, ఇప్పుడు బీఎన్‌ఎస్ 120.

తీర్పులు:
• నీలబతి బెహరా (1993) – రాజ్యమే పరిహారం చెల్లించాలి.
• డి.కె.బసు (1996 డిసెంబరు 18) – అరెస్టుపై 11 మార్గదర్శకాలు.
• పరమ్‌వీర్ సింగ్ సైనీ (2020 డిసెంబరు 2) – ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు.

తెలుగు నేల: 1978, హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ కస్టడీ మరణ ఉదంతం – జస్టిస్ ముక్తదర్ కమిషన్.

అంతర్జాతీయం: చిత్రహింసల వ్యతిరేక ఐరాస ఒప్పందం – ఆమోదం 1984, అమలు 1987 జూన్ 26. భారత్ సంతకం 1997 అక్టోబరు 14.

గందరగోళం వద్దు: మేజిస్ట్రేట్ ముందు హాజరుకూ 24 గంటలే, కమిషన్‌కు నివేదికకూ 24 గంటలే. మొదటిది రాజ్యాంగ హక్కు, రెండోది కమిషన్ ఆదేశం.

గుర్తుంచుకోండి: చిత్రహింసల వ్యతిరేక ఐరాస ఒప్పందంపై భారత్ సంతకం చేసింది కానీ, ధ్రువీకరించలేదు.