పొగను వడగట్టే పింగాణి జల్లెడ

ఒకే రోజున కొన్న రెండు డీజిల్ కార్లు ఉన్నాయనుకోండి. రెండూ ఒకే రకానివి. మొదటి కారు హైదరాబాదులో ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి పిల్లలను దింపి వస్తుంది, అంతే. రెండవది వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్ళి వస్తుంది. వీటిలో ఏ కారు పొగగొట్టం ముందుగా పూడుకుపోతుంది? ఎక్కువ తిరిగినదే అని మీలో చాలామంది అంటారు. కాని తక్కువ తిరిగిన కారుకే ముందు ముప్పు! ఎందుకో తెలియాలంటే మసి సంగతి తెలియాలి.

ఇంట్లో అమ్మమ్మగాని నాయనమ్మగాని కాటుక పట్టడం చూశారా? ఆముదం దీపంమీద పళ్ళెం బోర్లిస్తారు. మంటకు చాలినంత గాలి అందక నూనెలోని కర్బనం పూర్తిగా కాలదు. అలా మిగిలిన కర్బనమే నల్లని పొడిగా పళ్ళేనికి అంటుకుంటుంది. డీజిల్ ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. పెట్రోలు ఇంజనులో ఉన్నట్లు దీనిలో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా నొక్కగానే అది 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తుంపర దానంతటదే అంటుకుంటుంది. అయితే తుంపర మధ్యభాగానికి ఆమ్లజని సరిగా అందే వ్యవధి ఉండదు. ఫలితం మసి.

ఈ మసి రేణువులు ఎంత చిన్నవో తెలుసా? మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డీజిల్ మసి రేణువు మైక్రాన్‌లో పదోవంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువ. ముక్కులోని వెంట్రుకలు దీనిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరనున్న వాయుగోణులదాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ ఇంజను పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

కాబట్టి మసిని గొట్టంలోనే పట్టుకోవాలి. ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ 2000లో తన 607 కారుకు ఇందుకోసం ఒక జల్లెడ అమర్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ కార్లన్నిటికీ ఇది అవసరమైంది. మెకానిక్కులు దీనిని డి.పి.ఎఫ్. అంటారు.

చూడడానికి ఇది తేనెపట్టులా ఉంటుంది. పింగాణి వంటి పదార్థంతో చేసిన దిమ్మెలో వందలకొద్దీ సన్నని గొట్టాలు ఉంటాయి. చదరంగం బల్లమీద నల్లగడులు, తెల్లగడులు మారిమారి వచ్చినట్లు, ఒక గొట్టానికి ముందువైపు మూత, దాని పక్క గొట్టానికి వెనకవైపు మూత. లోపలికి వచ్చిన పొగకు ఎదుట దారి మూసి ఉంటుంది. గోడలోని రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి పోక తప్పదు. మసి గోడకే ఉండిపోతుంది.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయాలి. ఆ రంధ్రాలు 10 మైక్రాన్లు, అంతకు పైన కూడా ఉంటాయి. మసి రేణువేమో అందులో నూరోవంతు. రవ్వ జల్లెడలో మైదాపిండి నిలుస్తుందా? నిలవదు కదా! మరి మసి ఎలా నిలుస్తుంది?

1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలోని పుప్పొడి నుంచి వెలువడిన రేణువులు ఊరికే అటూ ఇటూ కదలడం సూక్ష్మదర్శినిలో చూశాడు. చుట్టూ ఉన్న అణువులు ఢీకొట్టడమే దీనికి కారణమని తరువాత తేలింది. పొగలోని మసి రేణువును కూడా వాయువుల అణువులు ఇలాగే తోస్తుంటాయి. అది తిన్నగా పోలేక గోడకు తగిలి అతుక్కుపోతుంది. దానిమీద మరొకటి, దానిమీద ఇంకొకటి. చివరకు ఆ మసి పొరే మరింత సన్నని జల్లెడగా పనిచేస్తుంది! అందుకే కొత్త జల్లెడకంటె కాస్త మసి పట్టిన జల్లెడే బాగా వడగడుతుంది.

కాని పొర మందమైతే పొగకు దారి ఇరుకవుతుంది. పొగను నెట్టడానికే ఇంజను బలం ఖర్చవుతుంది. అప్పుడు మసిని కాల్చివేయాలి. మసి పట్టిన స్టీలు చెంచాను, పెద్దవాళ్ళు దగ్గరుండగా, పట్టకారుతో గ్యాసు పొయ్యి నీలిమంటలో ఉంచి చూడండి. నలుపు మాయమవుతుంది. కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోయిందన్నమాట. అయితే మసి ఆమ్లజనితో బాగా మండాలంటే 600 డిగ్రీల వేడి కావాలి. ఊళ్ళో ఆగుతూ పోయే కారు పొగ అందులో సగం వేడి కూడా ఉండదు. పెద్ద రోడ్డుమీద నిలకడగా పోయేటప్పుడు పొగ బాగా వేడెక్కుతుంది. అప్పుడు పొగలోని నైట్రోజన్ డైఆక్సైడు 250 డిగ్రీలు దాటితే చాలు, మసిని కొద్దికొద్దిగా తినివేస్తుంది. విజయవాడ వెళ్ళే కారుకు ఇదే రక్ష.

అది చాలకపోతే కారులోని కంప్యూటరు పూనుకుంటుంది. జల్లెడకు ముందూ వెనకా పీడనం ఎంత తేడాగా ఉందో కొలిచి, ఇంజనులోకి కాస్త అదనపు డీజిల్ చిమ్మిస్తుంది. అది జల్లెడ ముందున్న ఉత్ప్రేరకంమీద మండి పొగను 600 డిగ్రీలకు చేరుస్తుంది. ఈ పని ముగియడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. మన బడి కారు ఐదు నిమిషాలలో ఆగిపోతుంది! పని సగంలో నిలిచిపోతుంది. రేపు మళ్ళీ మొదలు, మళ్ళీ సగం. మండని డీజిల్ కొంత సిలిండరు గోడల వెంట దిగి ఇంజను ఆయిలులో కలిసి దానిని పలచన చేస్తుంది.

అందుకే జల్లెడ దీపం వెలిగితే కారు పుస్తకంలో చెప్పినట్లు ఖాళీ రోడ్డుమీద నిలకడగా కొంతసేపు నడపాలి. అశ్రద్ధ చేస్తే పేరుకున్న మసి అంతా ఒక్కసారిగా మండి పింగాణి పగలవచ్చు. ఆ సమయంలో పొగగొట్టం చాలా వేడిగా ఉంటుంది. మన పల్లెల్లో రోడ్డుమీద ఎండబెట్టిన వరిగడ్డిపై కారు ఆపడం నిప్పు పెట్టడమే!

మసిని కాల్చవచ్చు, బూడిదను కాల్చలేం. పొయ్యిలోని బూడిద మళ్ళీ మండుతుందా? ఇంజను ఆయిలులో కాల్షియం, జింకు వంటి లోహాల లవణాలు కలుపుతారు. కొద్దిగా కాలే ఆయిలునుంచి వచ్చే వీటి బూడిద జల్లెడలో శాశ్వతంగా ఉండిపోతుంది. బూడిద తక్కువ ఇచ్చే ఆయిలునే, కారు పుస్తకంలో చెప్పినదానినే, వాడమనడం ఇందుకే. ఎంత జాగ్రత్తగా నడిపినా ఎప్పటికో ఒకనాటికి జల్లెడను విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

ఆ ఖర్చుకు జంకి కొందరు జల్లెడను పగలగొట్టించి, కంప్యూటరును మభ్యపెట్టిస్తారు. కారు హాయిగానే నడుస్తుంది. మసి మాత్రం వెనక సైకిలుమీద వచ్చే మీ ఊపిరితిత్తులలోకి చేరుతుంది. ఇది పట్టుకోవడం మీకూ చేతనవుతుంది. ఆగి, పూర్తిగా చల్లారిన కారు పొగగొట్టం చివర లోపలివైపు తెల్లగుడ్డతో, కారువారిని అడిగి, ఒకసారి తుడవండి. జల్లెడ సరిగా ఉన్న కారైతే గుడ్డకు నలుపు దాదాపు అంటదు. 2020 తరువాతి డీజిల్ కారుకు కాటుకలా అంటిందా, లోపల జల్లెడ పగిలిందో, అసలు లేనే లేదో.