చిట్టితల్లికి పెదనాన్న ఉత్తరం

ఎడిసన్, న్యూజెర్సీ

చిట్టితల్లీ,

థాంక్స్‌గివింగ్‌కి ఫ్రిస్కో వచ్చినప్పుడు నిన్ను గమనించాను. ఫోన్‌కి వర్క్‌షీట్ చూపించడం, జవాబు దించుకోవడం, ఇంకో లెక్కకి వెళ్లడం. పది లెక్కలు ఆరేడు నిమిషాల్లో అయిపోయాయి. అందరి ముందు అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను.

తిట్టడానికి రాయట్లేదులే. మా కాలంలో ఫోన్ లేదు గానీ గైడు ఉండేది. పదో తరగతిలో గైడు ముందు పెట్టుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో లెక్కలు దించేవాణ్ణి. మాస్టారు 'గుడ్' అని సంతకం పెట్టేవారు. క్వార్టర్లీలో అవే లెక్కలు అంకెలు మార్చి ఇచ్చారు. వందకి 31. ఈ మార్కుల సంగతి మీ నాన్నకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.

నువ్వు వాడే ఫోటోమ్యాత్ యాప్‌ని క్రొయేషియాకి చెందిన డామిర్ సబోల్ అనే ఇంజనీరు తయారు చేయించాడు. 2014లో వచ్చింది. మొదట్లో అచ్చులో ఉన్న లెక్కలే చదివేది, తర్వాత చేతిరాతా నేర్చుకుంది. ఇప్పుడది గూగుల్ వాళ్లది. మంచి పనిముట్టే. మెట్టుమెట్టుగా చూపిస్తుంది, విసుక్కోదు. నాకంటే ఓపిక ఎక్కువ.

కానీ నీ ఏడో లెక్క గుర్తుందా? రఫ్ కాగితం మీద సగం చేసి కొట్టేశావు. గుణిస్తే మైనస్ 6, కూడితే మైనస్ 5 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. నువ్వు మైనస్ 2, మైనస్ 3 పట్టుకున్నావు. కూడిక కుదిరింది, గుణిస్తే ప్లస్ 6 వచ్చింది. వెంటనే ఫోన్ తీశావు. మైనస్ 6, ప్లస్ 1 అని అది చెప్పింది, నువ్వు రాసుకున్నావు. నువ్వు ఎక్కడ తడబడ్డావో దానికి తెలీదమ్మా. నువ్వు చూపించింది ప్రశ్నని, నీ రఫ్ కాగితాన్ని కాదు.

అందుకే ముందు కాగితం మీద చెయ్యి, తప్పైనా కొట్టెయ్యకు. తర్వాత ఫోన్ తీసి, దాని మెట్ల పక్కన నీవి పెట్టుకుని, మొదట ఏ వరసలో తేడా వచ్చిందో అక్కడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టు. ఫోన్ పక్కన పడేసి, అంకెలు మార్చి మళ్లీ చెయ్యి. ఎలాగూ రేపు పరీక్షలు రాయాలి కదా. 2024 నుంచి ఇక్కడ శాట్ పరీక్ష కంప్యూటర్ మీదే. డెస్మోస్ కాలిక్యులేటర్ పరీక్షలోనే ఇస్తారు, ఫోన్ మాత్రం బయటే. గ్రాఫు ఆ కాలిక్యులేటర్ గీస్తుంది, సమీకరణం కట్టుకోవాల్సింది నువ్వు. అన్నట్టు, హోంవర్క్‌కి ఫోటోమ్యాత్ వాడొచ్చో లేదో మీ టీచర్‌ని ఒక మాట అడుగు.

పెద్దమ్మ సున్నుండలు పంపిస్తోంది. ఆదివారం ఫోన్ చేస్తాను. ఈలోగా ఈ లెక్క చెయ్యి: గుణిస్తే మైనస్ 12, కూడితే 1 వచ్చే రెండు సంఖ్యలు. రఫ్ కాగితం దగ్గర పెట్టుకో, నీ తప్పులతో సహా చదివి వినిపించాలి.

మీ పెదనాన్న